ఒంటి చెప్పు

సంచి సర్దే చేతుల్ని చూస్తే ఆ మనిషి మళ్ళీ వస్తుందో రాదో చెప్పేయవచ్చని అత్తగారి నమ్మకం. రావాలనుకున్నవాళ్ళు ఏదో ఒకటి మరిచిపోతారు. గుమ్మం దాకా వెళ్ళి "అయ్యో, దువ్వెన!" అని వెనక్కి వస్తారు. రాకూడదనుకున్నవాళ్ళు ఏదీ మరిచిపోరు. ఆవిడ తన జన్మలో చాలా సంచులు చూసింది. అందుకే ఆ పొద్దున ముందుగది మంచం అంచున కూర్చుని, కోడలు సంచిలో పెట్టే ఒక్కొక్క వస్తువునీ కళ్ళతో తూకం వేస్తోంది.

పొడవాటి పట్టకారు వెళ్ళింది. పగడం కత్తిరించే కత్తెర వెళ్ళింది. మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు వెళ్ళాయి. అవన్నీ పనిముట్లు, వెళ్ళాల్సినవే. ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో, హోటళ్ళలో ఉండే చేపల తొట్లు చూసుకోవడం కోడలి ఉద్యోగం. ఇప్పుడు సముద్రం ఒడ్డున ఎక్కడో పెద్ద ఊళ్ళో, హాలు గోడంత పొడుగున పగడపు తొట్టి కడుతున్నారట. ఆరు వారాల పని. పిలిచారు, ఒప్పుకుంది. ఆ తర్వాత చలికోటు వెళ్ళింది.

"మండుటెండల్లో చలికోటేమిటమ్మా?"

"నీళ్ళు చల్లబరిచే యంత్రాల గదిలో పని అత్తయ్యా. పళ్ళు కటకటలాడతాయట."

జవాబు సబబుగానే ఉంది. సబబైన జవాబులంటేనే అత్తగారికి భయం.

కొడుకు గది గుమ్మంలో నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "అమ్మా, చేపలమ్మగారి ప్రయాణం ఎన్నింటికట?" అన్నాడు. చేపలమ్మగారు అతనికి రెండు మూరల దూరంలోనే ఉంది.

"ఎన్నింటికైతేనేం అత్తయ్యా, మధ్యలో ఆగిపోవడానికి అదేమీ లిఫ్టు కాదుగా," అంది కోడలు సంచి వైపు చూస్తూ.

కొడుకుది లిఫ్టులు బాగుచేసే పని. మనుషులు ఇరుక్కున్నారని ఫోను వస్తే పరిగెత్తుతాడు. తలుపు ఇవతల నిలబడి, "భయపడకండి, నేను బయటే ఉన్నాను, ఎక్కడికీ పోను," అంటూ ముక్కూమొహం తెలియని వాళ్ళతో గంటసేపైనా కబుర్లు చెబుతాడు. ఇంటికొస్తే మాత్రం నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుంటాడు. తనకు చెప్పకుండా కోడలు ఆ పని ఒప్పుకుందని, ఆ సంగతి బయటివాళ్ళ నోట వినాల్సి వచ్చిందని అతని అలక. చెప్పబోయిన ప్రతిసారీ 'తర్వాత చూద్దాం' అన్నాడని ఆమె అలక. నెల్లాళ్ళుగా ఇద్దరికీ మధ్య అత్తగారే టెలిఫోను తీగ.

సంచి జిప్పు లాగబోతూ కోడలు ఆగింది. లోపల చెయ్యిపెట్టి ఓ చిన్న క్లిప్పు బయటికి తీసింది. దానికి నారింజరంగు గాజు బిళ్ళ ఉంది.

"ఇది మీ దగ్గర ఉంచుతాను. ఇలా రండి అత్తయ్యా."

గుమ్మం పక్కనే తొట్టి. మనిషి పడుకునేంత పొడుగు, నడుమెత్తు బల్లమీద. పైన దూకకుండా వల మూత, ఆ పైన నీలం లైట్లు. అడుగున బండలు, బండల మీద పగడాలు. అన్నిటికన్నా ఎత్తున ఉన్నదానికి ఆకుపచ్చని వేళ్ళుంటాయి, వేలి కొసన పసుపు బొట్టు. దాన్ని కోడలు గోరంత ముక్కగా తెచ్చి ఇంత చేసింది. దాని కింద ఇసుకలో ఓ బొరియ. బొరియలో ఒక రొయ్య, ఒక చారల చేప కాపురముంటాయి. రొయ్యకు చూపు ఆనదు. అది ఇసుక మోసి బయట పోస్తుంటే చేప గుమ్మంలో కాపలా ఉంటుంది. రొయ్య మీసం ఎప్పుడూ చేప ఒంటిమీదే. చేప తోక ఆడిస్తే చాలు, రెండూ లోపలికి తుర్రుమంటాయి.

"ఇది తగిలించకుండా తీస్తే ఫోటో అంతా నీలిమందు కలిపినట్టు వస్తుంది. మన కళ్ళు సర్దుకుంటాయి గానీ ఫోను సర్దుకోలేదు."

"నాకెందుకమ్మా ఈ విద్యలు? ఫోనెత్తి హలో అనడమే నాకు గొప్ప."

"మీరు హలో అంటే నాకు చేపలు కనబడవుగా. రోజుకొక్క ఫోటో. ఆ వేళ్ళ పగడం, దాని కింద ఆ జంట. ఆ మూడూ బాగుంటే తొట్టంతా బాగున్నట్టే. ఏమాత్రం తేడా వచ్చినా నాకు ఫోటోలోనే తెలిసిపోతుంది. అదే రోజు బండెక్కి వచ్చేస్తాను." కోడలి చూపు ఒకసారి గది గుమ్మం వైపు వెళ్ళి వచ్చింది. "నీళ్ళు కదులుతుంటే ఫోటో నిలవదు. పంపు ఆపాలి. తీయగానే వేసెయ్యాలి. మరిచిపోయారంటే నీళ్ళలో గాలాడక లోపలివన్నీ పోతాయి."

"అమ్మో! నాకసలే మతిమరుపు."

"నాకు మాత్రం లేదేంటి? అందుకే ఇలా చేస్తాను." కోడలు ఎడమకాలి చెప్పు విప్పి పంపు స్విచ్చుకు ఆనించి పెట్టింది. "ఒంటి చెప్పుతో ఎవరైనా ఎంత దూరం పోతారు?"

అత్తగారికి నవ్వొచ్చింది. బయల్దేరేటప్పుడు కోడలు బయటి చెప్పులు వేసుకుంది. ఇంట్లో తొడుక్కునే చెప్పులు జతగా తొట్టి బల్లకింద వదిలేసింది. అవి చూశాకే, మళ్ళీ వస్తుందని, అత్తగారి గుండెమీది రాయి కాస్త కదిలింది. ఆ ఇంటికి లిఫ్టు లేదు. కొడుకే సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ముందు సంచి, వెనక కోడలు. ఒక్క మాటైనా వినబడుతుందేమోనని ఆవిడ పిట్టగోడ మీద నుంచి వంగి చూసింది. అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

మొదటి ఫోటో చూసి కోడలు ఫోనులో పకపకా నవ్వింది. "అత్తయ్యా, చేప కన్నా మీరే బాగా పడ్డారు! తెల్లబట్టలు కట్టుకుని గాజు ముందు నిలబడ్డారా?"

నిజమే. పగడాల మధ్య తెల్లగా ఓ ముసలి దెయ్యం ఫోను పట్టుకుని నిలబడి ఉంది.

కోడలు రోజుకొక కిటుకు చెప్పింది. కర్టెన్లు వేసి గదిలో దీపాలు ఆర్పమంది. నల్లటిదేదైనా కప్పుకోమంది. ఫోనును గాజుకు బల్లపరుపుగా ఆనించమంది, ఏ కాస్త పక్కకు వంచినా చేప అలుక్కుపోతుందట. తెరమీద పగడాన్ని వేలితో నొక్కి పట్టుకోవాలి. అప్పుడు పక్కన చిన్న సూర్యుడు వస్తాడు. ఆ సూర్యుణ్ణి కిందికి దించాలి. "ఎంత దించాలి?" "పగడం కొసలు తెల్లగా వెలిగిపోకుండా, వేళ్ళకు వేళ్ళుగా కనిపించేంత." లైట్లలో నీలం తగ్గించి తెలుపు కాస్త పెంచాలి. అన్నిటికన్నా పెద్ద కిటుకు, ఒకటి తీసి ఊరుకోకూడదు. మీట నొక్కి పట్టుకుంటే టకటకా ఇరవై పడతాయి. అందులో ఒకటి బాగుంటుంది. దాన్నే పంపాలి.

అత్తగారు నల్ల శాలువా కప్పుకుని, తన ఎడమ చెప్పు స్విచ్చుకు ఆనించి, కుడి చెప్పుతో కుంటుకుంటూ రోజూ తొట్టి ముందుకు వెళ్ళేది. బడి ముఖం చూడకపోయినా పొట్లాం కాగితాలు చూసి చదువు నేర్చుకున్న మనిషి ఆవిడ. ఇదీ పట్టుబడింది.

రెండో వారంలో నారింజ బిళ్ళ చేజారి నేలకు తగిలి రెండు ముక్కలైంది. అత్తగారు వంగి ఏరుకుంది. నమ్మి ఇచ్చిన వస్తువు. ముక్కలు కొంగున కట్టుకుని కింది అంతస్తులో కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళింది.

"ఇలాంటిది ఇప్పించు బాబూ."

"పెద్దమ్మగారూ, ఇది కళ్ళకు కాదే?"

"ఫోనుకి."

"ఫోనుకి కూడా చత్వారం వచ్చిందా?" కళ్ళజోళ్ళాయన నవ్వి, రాత్రుళ్ళు బండి నడిపేవాళ్ళు పెట్టుకునే పసుపు అద్దాల్లోంచి ఒకటి ఊడదీసి, అరగదీసి, క్లిప్పులో కూర్చి ఇచ్చాడు. "ఇది పెడితే మీ చేపలకి రాత్రి ప్రయాణాలు ఇబ్బంది ఉండదు."

ఆ పసుపు బిళ్ళతో తీసిన ఫోటో పంపి, అత్తగారు ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోడలు వెంటనే ఫోను చేసింది. "అత్తయ్యా! ఇవాళ రంగులు ఎంత బాగా వచ్చాయి! నేను తీసినవీ ఇలా రాలేదు. ఏం చేశారు?"

"ఏముందమ్మా, చేయి తిరిగింది."

బిళ్ళ పగిలిన సంగతి చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల ఎంత మేలు జరిగిందో కూడా ఆవిడ గమనించుకుంది. కోడలు ఆ రోజు చాలాసేపు మాట్లాడింది. తిన్నారా, మోకాళ్ళు ఎలా ఉన్నాయి అంది. చివర్న, ఎవరి గురించో కానట్టు, "ఇంట్లో అందరూ బాగేగా?" అంది.

అత్తగారికి ఒక అక్క ఉండేది. పెళ్ళై దూరం వెళ్ళింది. వాళ్ళమ్మ అక్కకు రాయించే ప్రతి ఉత్తరంలో ఏడుపే. ఆవు చచ్చిపోయింది, గోడ కూలింది, నాన్న దగ్గు తగ్గలేదు, నువ్వు వచ్చి చూసిపోవు. ఒకటి రెండుసార్లు అక్క వచ్చింది. తర్వాత జవాబులు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. అక్క ఇంట్లో విప్పని ఉత్తరాలు కట్టగా దొరికాయని ఎవరో వచ్చి చెప్పారు. చెడ్డ కబురుకు మనిషి ఒకసారి వస్తుంది, రెండుసార్లు వస్తుంది, ఆ తర్వాత ఆ గుమ్మమంటేనే హడలిపోతుంది. ఇది ఆవిడ ఎవరి దగ్గరో నేర్చుకున్న పాఠం కాదు, ఒంటికి తగిలిన దెబ్బ. అందుకే కోడలికి మంచి కబురు తప్ప పంపకూడదనుకుంది. మంచి కబుర్లు విని విని, ఇంటిమీద మనసై, తనే వస్తుంది.

నాలుగో వారంలో ఒక ఆదివారం మధ్యాహ్నం కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. గాజు లోపలివైపు పాచి మరకలు తుడుద్దామని అత్తగారు వల మూత తీసి పక్కన పెట్టింది. చెయ్యి అందినంత మేర తుడిచి, కర్టెన్లు వేసి, పంపు ఆపి, చెప్పు విప్పి స్విచ్చుకు ఆనించింది. నీళ్ళు నిలిచాయి. ఆకుపచ్చ వేళ్ళు ఎక్కడివక్కడ ఆగాయి. కింద బొరియ గుమ్మంలో చేప నిలబడింది, దాని వెనక రొయ్య, చేప వీపుమీద మీసం. మీట నొక్కి పట్టుకుంది. టకటకా పడ్డాయి. అంత బాగా ఆ జంట ఎప్పుడూ పడలేదు.

అప్పుడే చేతిలో ఫోను మోగింది.

"అత్తయ్యా, ఆయన ఉన్నారా?"

వెళ్ళినప్పటి నుంచి కోడలు ఆ మాట అడగడం ఇదే మొదలు. "ఉన్నాడు, ఉన్నాడమ్మా, ఉండు, పెట్టెయ్యకు!" అంటూ అత్తగారు పరిగెత్తింది. ఒంటి చెప్పు కాలికి అడ్డం పడి తూలింది. దాన్ని కూడా విదిలించి పారేసి, ఉత్తి కాళ్ళతో కొడుకు గదిలోకి పోయి ఫోను అతని చెవికి ఆనించింది. ఆనించి, తలుపు అవతల నిలబడి చెవి ఒగ్గింది.

"ఆఁ... తిన్నాను... బాగానే ఉంది..." అవతలి మాటలు ఆవిడకు వినబడలేదు. తర్వాత కొడుకు గొంతు గట్టిపడింది. "ఉండమంటున్నారా? నీ ఇష్టం. నేను రమ్మననూ, వద్దననూ. చెప్పకుండా వెళ్ళినదానివి, అడిగి ఉండాలా?... అబ్బే, కోపమేం లేదు. నీ ఇష్టం అన్నానుగా."

ఫోను మంచం మీద పడిన చప్పుడైంది. అత్తగారు లోపలికి వెళ్ళింది.

"నీ నోటికి తాళం వేసిందెవర్రా? రా అన్న ఒక్క మాట అనలేవూ?"

"తను వస్తానంటేగా నేను రా అనేది."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వడగవు, అది చెప్పదు. మధ్యలో నా ప్రాణం తీస్తున్నారు!"

"నిన్నెవరు మధ్యలో దూరమన్నారమ్మా?"

ఆ మాటకు ఆవిడ గిరుక్కున వెనుదిరిగింది. వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. తర్వాత వెనక వరండాలో చాప వేసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఏడుస్తూ ఏడుస్తూ నిద్రపోయింది.

లేచేసరికి చీకటి పడుతోంది. ఇల్లంతా ఏదో తేడాగా ఉంది. ఎవరో వెళ్ళిపోయినట్టుగా ఉంది. చాప మీద కూర్చుని, ఏమిటా అని ఆలోచించింది. చప్పుడు లేదు. రాత్రీ పగలూ గుర్రుమంటూ, వినీ వినీ ఎవరికీ వినబడని ఆ చప్పుడు లేదు.

"పంపు!"

ఆవిడ కేకకు కొడుకు ముందుగదిలోకి దూకాడు. చేపలన్నీ నీటి పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. ఆకుపచ్చ వేళ్ళు ముడుచుకుపోయి నల్లపడ్డాయి. స్విచ్చు పక్కన చెప్పు పెట్టినచోటే ఉంది. కొడుకు స్విచ్చు వేసి, చెంబు తీసుకుని, నీళ్ళు ముంచి ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకే పోయసాగాడు. గాలి కలవాలని. ముంచడం, పోయడం. చొక్కా తడిసి ముద్దయింది. పోస్తూ పోస్తూ సన్నగా ఏదో అంటున్నాడు. అత్తగారు దగ్గరికి వెళితే వినబడింది.

"భయపడకండి. వచ్చేశాం. ఇక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను."

చాలాసేపటికి చేపలు ఒక్కొక్కటీ కిందికి దిగాయి. రొయ్య బొరియ గుమ్మం దాకా వచ్చి మీసం చాపింది. అటూ ఇటూ తడిమింది. ఇంకొంచెం బయటికొచ్చి మళ్ళీ తడిమింది. చేప కనబడలేదు. రాత్రంతా లోపల దాక్కుందనుకున్నారు. తెల్లవారి అత్తగారు ఊడుస్తుంటే బల్ల వెనక నుంచి చీపురుకు తగిలి వచ్చింది, ఎండిన ఆకులా. వల మూత గోడకు ఆనించి, పెట్టినచోటే ఉంది.

"చెబుదామమ్మా," అన్నాడు కొడుకు, చేపను అరచేతిలో పెట్టుకుని చూస్తూ.

"వద్దు."

"చెబితే..." కొడుకు గొంతు సవరించుకున్నాడు. "చెబితే వస్తుందేమో. తేడా వస్తే అదే రోజు వస్తానని నీతోనే అంది కదా."

"పిచ్చినాన్నా, చెడ్డ కబురుకు వచ్చినవాళ్ళు ఉంటారనుకున్నావా? ప్రాణంలా పెంచినదాన్ని మీ చేతుల్లో పెడితే చంపుకున్నారే అని ఒక దండం పెట్టి పోతుంది. నామీద ఒట్టు, నువ్వు నోరెత్తకు."

నోరెత్తకుండా ఉండడం అతనికి కొత్త కాదు.

ఆ మధ్యాహ్నం టకటకా పడ్డ ఫోటోల్లో ఆవిడ ఒక్కటీ ఇంకా పంపలేదు. ఇరవయ్యీ ఫోనులోనే ఉన్నాయి. ఒకదానిలో చేప తల కాస్త పక్కకు, ఇంకొకదానిలో రొయ్య నోట ఇసుక. రోజుకొకటి తీసి పంపడం మొదలుపెట్టింది. మొదటిరోజు పంపడానికి గంట పట్టింది. రెండోరోజు అంతసేపు పట్టలేదు. కోడలు "జంట బాగుంది" అనేది. కరువునాడు గాదెలో గింజలు చూసుకున్నట్టు, అత్తగారు రోజూ ఎన్ని ఫోటోలు మిగిలాయో చూసుకునేది. అసలు తొట్టిలో వేళ్ళ పగడం ఒక పక్క కోలుకుంటోంది, ఒక పక్క కాండం తెల్లగా బయటపడుతోంది. రొయ్య ఇసుక మోయడం మానేసింది. సాయంత్రమైతే మీసం ఒక్కటే బయటికి వచ్చి, ఖాళీ నీళ్ళను తడిమి, లోపలికి పోయేది.

ఒకరోజు కోడలు అంది, "అత్తయ్యా, గాజు మీద కుడిపక్క చిన్న మరక ఉంది చూశారా? నాలుగు రోజులుగా చూస్తున్నా, అక్కడే ఉంది."

అత్తగారు ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. "కళ్ళు ఆనడం లేదమ్మా. రేపు తుడుస్తాలే."

"చేప కూడా రోజూ అదే చోట నిలబడుతోంది. బుద్ధిమంతురాలు!" కోడలు నవ్వింది. ఆ నవ్వులో ఏమైనా ఉందేమోనని అత్తగారు ఆ పూట అన్నం సహించక కంచం నెట్టేసింది. మర్నాడు మిగిలిన వాటిలోంచి మరక అంచుకు పోయిన ఫోటో వెతికి పంపింది.

ఆరో వారం ఆఖరికి వచ్చింది. ఆ సాయంత్రం కోడలు ఫోను చేసినప్పుడు వెనక పెద్ద నీళ్ళ హోరు వినబడుతోంది.

"అత్తయ్యా, ఇక్కడ పని అయిపోయింది. ఉండిపొమ్మంటున్నారు. ఉద్యోగం. రేపు పొద్దున్నే ఏదో ఒకటి చెప్పాలి."

"నువ్వేమన్నావమ్మా?"

"ఏమీ అనలేదు." హోరుకు దూరంగా జరిగినట్టుంది. "ఆయన ఏమైనా అన్నారా?"

అత్తగారు గది వైపు చూసింది. కొడుకు గుమ్మంలోనే ఉన్నాడు, వింటున్నాడు. ఫోను అతని వైపు చాపింది. అతను తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఆగి, ఏదో అనబోయి, పెదవులు తడుపుకుని, గోడకు ఆనుకున్నాడు.

"లేడమ్మా. పనికి వెళ్ళాడు," అంది అత్తగారు.

"సరే." కోడలు ఫోను పెట్టెయ్యలేదు. "ఒక పని చెయ్యండి. ఇప్పుడే ఒక్క ఫోటో పంపండి. వేళ్ళ పగడం, ఆ జంట. తొట్టికి నేను లేని లోటు కనిపించిందా, మరి ఆలోచించను, ఈ రాత్రికే బయల్దేరి వచ్చేస్తాను. నిజం ఫోటో పంపండి అత్తయ్యా. చూసి నిర్ణయించుకుంటాను."

అత్తగారు శాలువా కప్పుకుంది. కర్టెన్లు వేసింది. పంపు ఆపి, చెప్పు స్విచ్చుకు ఆనించింది. ఫోను గాజుకు బల్లపరుపుగా పెట్టి, వేలితో నొక్కి పట్టుకుని, సూర్యుణ్ణి దించింది. ఫోటో స్ఫటికంలా వచ్చింది. సగం ఎండిన పగడం, వెలవెలబోయిన కాండం, బొరియ గుమ్మంలో ఒంటరిగా రొయ్య, ఖాళీలోకి చాచిన మీసం. ఏ ఒక్కటీ దాగలేదు. పంపు వేసింది. చెప్పు తొడుక్కుంది. ఈసారి ఏదీ మరిచిపోలేదు.

తెరమీద ఆ ఫోటో పక్కనే రెండోది ఉంది, గాదెలో మిగిలిన ఆఖరి గింజ. వేళ్ళన్నీ విచ్చుకుని, చేప వీపుమీద రొయ్య మీసం.

"మొదటిదే పంపమ్మా," అన్నాడు కొడుకు వెనక నుంచి, వినీ వినబడనట్టు.

"అది చూస్తే దాని గుండె పగిలిపోతుందిరా."

"పగలనీ. వస్తుంది."

"వచ్చి? ఈ తొట్టి ముందు నిలబడి నా మొహం చూస్తే నేనేం చెప్పను? నా అబద్ధాలన్నీ లెక్కపెట్టి, మళ్ళీ సంచి సర్దుకుంటే? ఈసారి ఆ చెప్పులు కూడా పట్టుకుపోతే?"

ఆవిడ వేలు మొదటి ఫోటో మీద ఆగింది. చెమటకు తెర తడిసింది. వాళ్ళమ్మ ఉత్తరాలు గుర్తొచ్చాయి, విప్పని కట్ట గుర్తొచ్చింది. మంచి కబురు, మంచి కబురు అనుకుంది. వేలు జరిపి, రెండోది నొక్కింది.

పోయింది.

కాసేపటికి ఫోను మోగలేదు గానీ మాట వచ్చింది. కోడలు తన గొంతు రికార్డు చేసి పంపింది. ఇద్దరూ ముందుగదిలో నిలబడి విన్నారు.

"చూశాను అత్తయ్యా. ఎంత బాగుందో! నేనున్నప్పటి కన్నా బాగుంది. నేను లేకపోయినా అన్నీ చక్కగా జరిగిపోతున్నాయి. ఇక నాకు బెంగ లేదు. మీరు వేళకు మందులు వేసుకోండి."

కొడుకు వెళ్ళి లైట్లు ఆర్పాడు. నీలం పోయింది. చీకట్లో పంపు చప్పుడు మాత్రం గుర్రుమంటూనే ఉంది. అత్తగారు బల్లకింద చెయ్యిపెట్టి తడిమింది. చెప్పులు రెండూ ఉన్నాయి. దుమ్ము తుడిచి, జతగా, మళ్ళీ అక్కడే పెట్టింది.

ఆ వేసవిలో ఆరు వారాల పనికని వెళ్ళిన కోడలు, వానలు మొదలయ్యాక రాలేదు, ఆ చలికాలం రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.